నగర గాలిలో వీఓసీలు: ఏది ఎక్కడినుంచి వస్తోందో ఎలా కనిపెడతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి పొద్దుపోయాక బొల్లారం, జీడిమెట్ల, బాచుపల్లి వైపు కిటికీ తెరవలేకపోతున్నామనే ఫిర్యాదు హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి వింటున్నదే. విశాఖలో పరిశ్రమల పక్క కాలనీల వాళ్లదీ ఇదే గోడు. "ఇది ఎవరి పని?" అని జనం అడుగుతారు. "ఫలానా వాళ్లదని ఎలా చెప్పగలం?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. చెప్పవచ్చు. ఏ రసాయనం పక్కన ఏది ఉంది, ఎంతెంత ఉన్నాయి, ఏ వేళప్పుడు, ఏ దిక్కు గాలితో వచ్చాయి అన్నది చూసి మూలాన్ని పట్టుకునే పద్ధతులు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. వాటి గురించి మామూలుగా ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులివి.

వీఓసీలు అంటే ఏమిటి?

వోలటైల్ ఆర్గానిక్ కాంపౌండ్స్. మామూలు ఉష్ణోగ్రతలోనే తేలిగ్గా ఆవిరైపోయే కర్బన రసాయనాలు. పెట్రోల్ బంకులోనూ, కొత్తగా రంగు వేసిన గదిలోనూ, నెయిల్ పాలిష్ సీసా మూత తీసినప్పుడూ ముక్కుకు తగిలేవి ఇవే. నగర గాలిలో వందల రకాలు ఉంటాయి. ఎక్కువగా వినిపించే పేర్లు బెంజీన్, టోలుయిన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్. ఈ నాలుగింటినీ కలిపి బీటెక్స్ అంటారు. ఇవి కాక వంట గ్యాస్‌లోని ప్రొపేన్, బ్యూటేన్, ప్లైవుడ్ జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్, మందుల కంపెనీల్లో సాల్వెంట్లుగా, అంటే వేరే పదార్థాలను కరిగించడానికి వాడే డైక్లోరోమీథేన్, అసిటోన్, మిథనాల్ కూడా ఈ కోవలోవే. చెట్లు వదిలే ఐసోప్రీన్ కూడా వీఓసీయే.

ఏక్యూఐ బాగానే ఉందని యాప్‌లో చూపిస్తోంది. అయినా భయపడాలా?

మన దేశపు ఏక్యూఐ (గాలి నాణ్యతా సూచీ) లెక్కలోకి వచ్చేవి ఎనిమిదే: పీఎం 10, పీఎం 2.5 (ఈ రెండూ సన్నని ధూళికణాలు), నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. ఇందులో వీఓసీ ఒక్కటీ లేదు. కాబట్టి ఆ అంకె ఆకుపచ్చగా ఉన్న రోజున కూడా గాలిలో టోలుయిన్ ఎంతైనా ఉండవచ్చు, యాప్‌కు తెలియదు.

2009 నవంబరులో వచ్చిన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో మాత్రం బెంజీన్‌కు పరిమితి ఉంది: ఏడాది సగటున క్యూబిక్ మీటరుకు 5 మైక్రోగ్రాములు. టోలుయిన్‌కు, జైలీన్‌కు, డైక్లోరోమీథేన్‌కు బయటి గాలిలో ఇంత దాటకూడదన్న అంకె ఆ జాబితాలో లేదు. ఇది చిన్న లోపం కాదు. "ప్రమాణాలు దాటలేదు" అనే మాట చాలాసార్లు నిజమే అవుతుంది, ఎందుకంటే దాటడానికి అసలు ప్రమాణమంటూ ఉండాలి కదా.

వీటివల్ల హాని ఎలా?

రెండు దారుల్లో. మొదటిది నేరుగా. బెంజీన్ రక్త క్యాన్సర్‌కు కారణమవుతుందని రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్నీ, ఫార్మాల్డిహైడ్‌నూ మొదటి గ్రూపులో, అంటే మనిషికి కచ్చితంగా క్యాన్సర్ కలిగించేవాటిలో పెట్టింది.

రెండోది చుట్టు తిరిగి వస్తుంది. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, వీఓసీలు ఎండలో కలిస్తే నేలమట్టం ఓజోన్ తయారవుతుంది. లాస్ ఏంజెలిస్‌లో కళ్లు మండించే పొగమంచు ఎందుకు పడుతోందో 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చింది ఇదే. ఏ పొగగొట్టం నుంచీ ఓజోన్ రాదు, గాలిలోనే పుడుతుంది. పీఎం 2.5లో కొంత భాగం కూడా వీఓసీలు గాలిలో మారి గడ్డకట్టగా వచ్చినదే. అందుకే ధూళి ఒక్కదాని మీదే దృష్టి పెట్టి వీఓసీలను వదిలేస్తే పని సగమే అవుతుంది.

ఘాటు వాసన ఎంత ఎక్కువగా వస్తే ప్రమాదం అంత ఎక్కువా?

కాదు. బెంజీన్‌నే తీసుకోండి. 5 మైక్రోగ్రాములంటే దాదాపు వంద కోట్ల భాగాల్లో ఒకటిన్నర వంతు. ముక్కుకు బెంజీన్ వాసన తెలియాలంటే అంతకు దాదాపు వెయ్యి రెట్లు ఉండాలి. పరిమితికి పదింతలు పీల్చినా మనకు ఏమీ అనిపించదు. ఇంకోవైపు, గ్యాస్ లీకైతే తెలియడానికి కలిపే ఇథైల్ మెర్కాప్టన్ అణుమాత్రం ఉన్నా ముక్కు పట్టేస్తుంది.

అలాగని వాసనను కొట్టిపారేయకూడదు. ఎక్కడో ఏదో బయటికి వస్తోందనడానికి అది సాక్ష్యం. అయితే ఎంత వస్తోంది, ఎంత హానికరం అన్నది తేల్చాల్సింది పరికరం.

గాలి నమూనా ఎలా తీస్తారు?

బాగా నమ్మదగిన పద్ధతి స్టీలు క్యానిస్టర్. ఆరు లీటర్ల గుండ్రటి పాత్ర, లోపల ప్రత్యేకమైన పూత. ముందుగా శుభ్రం చేసి లోపలి గాలంతా లాగేస్తారు. సైట్‌లో వాల్వ్ తిప్పగానే బయటి గాలి తనంతట తానే లోపలికి పోతుంది, పంపు అక్కర్లేదు. పూర్తిగా తెరిస్తే ఆ పాత్ర చూస్తుండగానే నిండిపోతుంది. అందుకే మూతి దగ్గర వేగాన్ని అదుపుచేసే చిన్న పరికరం బిగిస్తారు. 24 గంటల నమూనా కావాలంటే నిమిషానికి మూడున్నర, నాలుగు మిల్లీలీటర్ల చొప్పున మాత్రమే పోనిస్తారు. ఆ తర్వాత ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ దేనికది విడదీస్తుంది, మాస్ స్పెక్ట్రోమీటర్ పేరు చెబుతుంది.

24 గంటల నమూనాకు ఒక ఇబ్బంది ఉంది. రాత్రి రెండింటికి వదిలిన ఆవిరి మిగతా ఇరవై రెండు గంటల మామూలు గాలిలో కలిసి పలుచబడిపోతుంది. రాత్రి వాసన మీద ఫిర్యాదు వస్తే మరునాడు పగలంతా నమూనా తీసి "ఏమీ లేదు" అనడం ఇంకా అన్యాయం. ఫిర్యాదు ఏ వేళదైతే నమూనా ఆ వేళదే అయి ఉండాలి. పీటీఆర్-ఎంఎస్ అనే పరికరమైతే సెకన్ల వ్యవధిలో చదువుతూ పోతుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి పరిశోధన సంస్థల దగ్గరే కనిపిస్తుంది. మొహాలీలోని ఐఐఎస్ఈఆర్‌లో దీనితో చాలా ఏళ్లుగా కొలుస్తున్నారు.

ఏ రసాయనం ఏ మూలానికి గుర్తు?

ఒక్కో మూలం కొన్ని రసాయనాలను కలిపి వదులుతుంది. ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా కాలకపోతే ఎసిటిలీన్, ఇథిలీన్ వస్తాయి, వాటితోపాటు కార్బన్ మోనాక్సైడ్. పెట్రోల్ కాలకుండా ట్యాంకు నుంచీ, బంకు నుంచీ ఆవిరైతే ఐసోపెంటేన్ ఎక్కువగా కనిపిస్తుంది, ఎసిటిలీన్ ఉండదు. బండి నడుస్తున్నప్పటి కాలుష్యాన్నీ, ఎండలో నిలబెట్టినప్పటి కాలుష్యాన్నీ వేరుచేసేది ఈ తేడాయే. మే నెల ఎండలో మన పార్కింగ్ స్థలాల్లో వరసగా నిలబెట్టిన వందల బండ్లను తలచుకుంటే ఈ రెండోది ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది.

ప్రొపేన్, బ్యూటేన్ జంటగా పెరిగితే ఎల్పీజీ. చెత్త, కట్టెలు, పంట దుబ్బు తగలబెడితే అసిటోనైట్రైల్ వస్తుంది. బండ్ల పొగలో అది చాలా తక్కువ కాబట్టి మంట ఆనవాలుగా బాగా పనికొస్తుంది. టెట్రాక్లోరోఇథిలీన్ డ్రైక్లీనింగ్‌దీ, లోహపు భాగాల మీది జిడ్డు తీసే పనిదీ. డైక్లోరోమీథేన్ మనవైపు కనిపిస్తే మొదట చూడాల్సింది బల్క్ డ్రగ్ యూనిట్ల (మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీల) వైపే. అయితే పెయింట్ తీసే ద్రావణాల్లో కూడా అది ఉంటుందని మరవకూడదు. లిమోనీన్ అంటే ఫ్లోర్ క్లీనర్లు, సెంట్లు. ఐసోప్రీన్ చెట్లది. ఎండతోపాటు పెరిగి చీకటి పడగానే పడిపోతుంది. రాత్రిపూట ఐసోప్రీన్ ఉంటే దాన్ని చెట్ల ఖాతాలో వేయకూడదు, బండ్ల నుంచి కూడా కొద్దిగా వస్తుంది.

ఇందులో ఏ ఒక్క రసాయనాన్నీ చూసి తీర్పు ఇవ్వకూడదు. టోలుయిన్ పెట్రోల్‌లో ఉంది, థిన్నర్‌లో ఉంది, జిగురులో ఉంది, ప్రింటింగ్ ఇంకులో ఉంది, మందుల తయారీలోనూ ఉంది. పక్కన ఏవి ఉన్నాయో చూస్తేనే సంగతి తెలుస్తుంది.

టోలుయిన్, బెంజీన్ నిష్పత్తి గురించి ఎక్కువగా చెబుతారు. అది ఏమిటి?

అందరికీ అందుబాటులో ఉన్న ఆనవాలు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

వాహనాల పొగ ఎక్కువగా ఉన్నచోట టోలుయిన్ బెంజీన్‌కు సుమారు ఒకటిన్నర నుంచి మూడు రెట్లు ఉంటుంది. కట్టెలు, బొగ్గు, చెత్త కాలిన పొగలో రెండూ సమానం లేదా బెంజీన్‌దే పైచేయి, అంటే నిష్పత్తి 1 కన్నా తక్కువ. సాల్వెంట్లు వాడే పరిశ్రమ దగ్గర్లో ఉంటే టోలుయిన్ అయిదు, పది రెట్లు, ఇంకా పైకి కూడా పోతుంది. పరిశ్రమల్లో బెంజీన్‌ను సాల్వెంట్‌గా వాడటం బాగా తగ్గిపోయింది, టోలుయిన్ వాడకం అలాగే ఉంది. పెట్రోల్‌లో కూడా బెంజీన్ ఒక శాతం మించకూడదన్న నియమం ఉంది.

ఉదాహరణకు ఒక స్టేషన్‌లో సాయంత్రం ఏడింటికి బెంజీన్ 4, టోలుయిన్ 10 మైక్రోగ్రాములు ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 2.5. ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లే బండ్లు. అదే చోట రాత్రి రెండింటికి బెంజీన్ 3, టోలుయిన్ 36 అయితే నిష్పత్తి 12. రోడ్డు ఖాళీగా ఉన్న వేళ అంత టోలుయిన్ బండ్లనుంచి రాలేదు.

"రాత్రిపూట గాలి పైకి లేవక అన్నీ నేలమీదే పేరుకుంటాయి, అందుకే పెరిగింది" అని ఇక్కడొక సమాధానం వస్తుంటుంది. చలికాలం రాత్రుల్లో అది జరిగే మాట నిజమే. కానీ గాలి కదలక పేరుకుంటే అన్నీ కలిసి పెరగాలి. బెంజీన్, కార్బన్ మోనాక్సైడ్ ఉన్నచోటే ఉండి టోలుయిన్ ఒక్కటే ఎగిరిందంటే అది వాతావరణం పని కాదు, ఎవరో వదిలారు. ఈ ఒక్క పరీక్ష చాలా వాదనలను తేల్చేస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, పరిశోధన పత్రాల్లో నిష్పత్తి చాలావరకు ఘనపరిమాణం లెక్కలో ఉంటుంది, మన స్టేషన్లు బరువులో ఇస్తాయి. బరువు నిష్పత్తిని 1.18తో భాగిస్తే ఘనపరిమాణం నిష్పత్తి వస్తుంది. రెండు, ఎండలో ఇవి ఒకే వేగంతో తగ్గవు. బెంజీన్ గాలిలో వారం పైనే నిలుస్తుంది, టోలుయిన్ సుమారు రెండు రోజులు, జైలీన్ కొన్ని గంటలే. కాబట్టి దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చిన గాలిలో నిష్పత్తి దానంతట అదే తగ్గిపోతుంది. జైలీన్ కూడా దండిగా ఉంటే మూలం దగ్గర్లోనే ఉన్నట్టు.

ఆ అంకెలు నేను చూడగలనా?

చూడవచ్చు. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు ఇక్రిశాట్, బొల్లారం, పాశమైలారం స్టేషన్ల లెక్కలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో గంటగంటకూ దొరుకుతాయి. బెంజీన్, టోలుయిన్ కూడా అందులో ఉంటాయి. డౌన్‌లోడ్ చేసుకుని ఎక్సెల్‌లో నిష్పత్తి వేసుకోవచ్చు. గంటల తరబడి ఒకే అంకె మారకుండా ఉంటే, లేదా సున్నాలు వరసగా ఉంటే ఆ భాగం పక్కన పెట్టేయండి, పరికరం సరిగా పనిచేయనట్టే.

గాలి వాటం చూసి మూలాన్ని ఎలా పడతారు?

ప్రతి గంట కొలతనూ ఆ గంటలో గాలి ఏ దిక్కునుంచి వీచిందో దానితో జతచేస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న పావు వంతు గంటలను విడిగా తీసి, అవి ఏ దిక్కు గాలిలో ఎక్కువసార్లు వచ్చాయో చూస్తారు. ఒక స్టేషన్ దిక్కు మాత్రమే చూపిస్తుంది. రెండు మూడు స్టేషన్ల నుంచి గీతలు గీస్తే అవి కలిసే చోటు దొరుకుతుంది. గాలి దాదాపు స్తంభించినప్పుడు దిక్కుకు అర్థం ఉండదు, ఆ గంటలను లెక్కలోంచి తీసేయాలి.

సీఎంబీ, పీఎంఎఫ్ అని నివేదికల్లో రాస్తారు. అవేమిటి?

పాల కేంద్రంలో గేదె పాలు, ఆవు పాలు కలిసిన క్యాన్ ఉందనుకోండి. గేదె పాలలో వెన్న 7 శాతం, ఆవు పాలలో 4 శాతం అని తెలుసు. క్యాన్‌లో 5.5 వస్తే సగం సగం కలిసినట్టు. సీఎంబీ (కెమికల్ మాస్ బ్యాలెన్స్) చేసేది అదే. ఒక్కో మూలం ఏ రసాయనాలను ఏ పాళ్లలో వదులుతుందో ముందే కొలిచి ఉంచుకుంటారు, గాలి నమూనాకు సరిపోయేలా వాటాలు కడతారు. చిక్కంతా ఆ "ముందే కొలిచి" అన్నదాంట్లో ఉంది. అమెరికా బండ్ల పాళ్లు తెచ్చి మన ఆటోలకు, మన చెత్త మంటలకు వర్తింపజేస్తే లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది, జవాబు తప్పు వస్తుంది.

పీఎంఎఫ్‌కు (పాజిటివ్ మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్) ఆ పాళ్లు ముందుగా అక్కర్లేదు. ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు పాటెరో, టాపర్ 1994లో ప్రతిపాదించారు. వందల నమూనాలు ఇస్తే, ఏవేవి కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నాయో చూసి గుంపులు కడుతుంది. ఏ వాటా కూడా సున్నా కన్నా తక్కువ కాకూడదన్నది దాని నియమం. గుంపుకు "వాహనాలు", "సాల్వెంట్లు" అని పేరు పెట్టేది మాత్రం మనిషే. అందుకే నివేదిక చదివేటప్పుడు శాతాల కన్నా ముందు ఏ గుంపులో ఏ రసాయనాలున్నాయో ఆ పట్టిక చూడండి. పట్టిక లేకుండా వచ్చిన శాతాలను నేనైతే నమ్మను.

వాహనాలదే తప్పు అని అందరికీ తెలిసిందే కదా, ఇంత వెతకడం ఎందుకు?

మెక్సికో సిటీలో కూడా అలాగే అనుకున్నారు. 1995లో బ్లేక్, రోలండ్ అనే శాస్త్రవేత్తలు అక్కడి గాలిలో ప్రొపేన్, బ్యూటేన్ విపరీతంగా ఉన్నాయని చూపించారు. అది బండ్ల పొగ కాదు, ఇళ్లలోని వంట గ్యాస్ కాలకుండా లీకవుతున్నది. ఆ నగరపు ఓజోన్‌లో దానికి పెద్ద వాటాయే ఉందని తేలింది. ఓజోన్ పొర మీద చేసిన పనికి అదే ఏడాది నోబెల్ అందుకున్న రోలండే ఈయన.

హ్యూస్టన్‌లో 2000లో విమానాలతో కొలిస్తే, పెట్రోకెమికల్ ప్లాంట్ల మీదుగా వచ్చే గాలిలో ఇథిలీన్, ప్రొపిలీన్ కాగితం మీది లెక్కలకు పది రెట్లు, ఆపైన కూడా ఉన్నాయి. కంపెనీలు ఇచ్చే అంచనాల మీదే ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. లాస్ ఏంజెలిస్‌లో బండ్ల కాలుష్యం తగ్గుతూ వచ్చాక, 2018లో వచ్చిన అధ్యయనం ప్రకారం రంగులు, జిగుర్లు, క్లీనర్లు, సెంట్ల వంటి వాటి వాటా పెట్రోలియం మూలాల నుంచి వచ్చే వీఓసీల్లో దాదాపు సగానికి చేరింది.

మరి మా ఊళ్లో అన్నిటికన్నా పెద్ద మూలం ఏది?

దేనితో తూస్తున్నారు అన్నదాన్నిబట్టి ఉంటుంది. బరువుతో తూస్తే ప్రొపేన్, బ్యూటేన్, టోలుయిన్ లాంటివి పైకి వస్తాయి. ఓజోన్ పుట్టించే శక్తితో తూస్తే ఇథిలీన్, ప్రొపిలీన్, జైలీన్, ఫార్మాల్డిహైడ్ ముందుకొస్తాయి. క్యాన్సర్ ప్రమాదంతో తూస్తే బెంజీన్, బ్యూటాడయీన్, ఫార్మాల్డిహైడ్. ఒకే గాలికి మూడు జాబితాలు. "వాహనాల వాటా ఇంత శాతం" అని పేపర్లో చదివితే, దేంట్లో అంత శాతమో అడగండి.

2020లో విశాఖలో జరిగినది కూడా ఇలాంటిదేనా?

కాదు, అది ప్రమాదం. మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చి 12 మంది ప్రాణాలు పోయాయి. అక్కడ మూలాన్ని వెతకాల్సిన పని లేకపోయింది. స్టైరీన్ నిల్వలో తనలో తానే కలిసిపోతూ వేడెక్కుతుంది. అలా జరగకుండా చల్లగా ఉంచాలి, ఆ చర్యను ఆపే రసాయనం కలుపుతూ ఉండాలి. అది తప్పింది.

దీన్ని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. ఇంత పెద్ద ఎత్తున రసాయనాలు నిల్వచేసే ప్రతిచోటా ప్రహరీ దగ్గర కొలిచే ఏర్పాటు ఉండి, ఆ అంకెలు పక్క ఊరి వాళ్లకు కూడా కనిపించాలి. అమెరికాలో 2015 నియమం ప్రకారం రిఫైనరీలు ప్రహరీ పొడవునా చిన్న చిన్న ట్యూబులు వేలాడదీసి, రెండు వారాలకోసారి మార్చి బెంజీన్ కొలవాలి. ప్రహరీ మీద అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకెలోంచి తక్కువ వచ్చినదాన్ని తీసేస్తే, ఊరి గాలి పోను ప్లాంటు కలిపినది మిగులుతుంది. ఏడాది సగటున అది 9 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతికి సరిదిద్దాలి. ఆ ట్యూబులకు కరెంటు కూడా అక్కర్లేదు. 2009లో కేంద్ర మండలి అతి తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించిన వాటిలో విశాఖ, పటాన్‌చెరు-బొల్లారం రెండూ ఉన్నాయి. అలాంటి చోట్ల ఇది ఎప్పుడో మొదలవ్వాల్సింది.

ఆన్‌లైన్‌లో దొరికే టీవీఓసీ మీటర్ కొంటే సరిపోతుందా?

మూలం తెలియదు. అది వీఓసీలన్నిటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. శానిటైజర్ రాసుకున్నా, పోపు పెట్టినా, సెంటు కొట్టుకున్నా ఎగురుతుంది. గది గాలి మారుతోందో లేదో చూసుకోవడానికి పర్వాలేదు. ఫిర్యాదుకు సాక్ష్యంగా నిలవదు.

ఎన్95 మాస్క్ పెట్టుకుంటే?

ఆగదు. ఎన్95 ధూళికణాలను ఆపుతుంది, ఆవిరి దాన్ని దాటిపోతుంది. హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్‌దీ ఇదే కథ. యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అది కూడా నిండిపోయాక మార్చాలి.

ఫిర్యాదు ఎలా రాస్తే పని జరుగుతుంది?

"రోజూ కంపు వస్తోంది" అని రాస్తే ఫైలులో పడి ఉంటుంది. తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, గాలి ఏ వైపునుంచి వీస్తోంది, వాసన దేనిలా ఉంది (థిన్నర్, కుళ్లిన గుడ్డు, కాలిన ప్లాస్టిక్, తియ్యటి ఘాటు), కళ్లు మండాయా, తల నొప్పి వచ్చిందా అన్నవి రాయండి. ఒక్కరు కాకుండా నాలుగు వీధుల వాళ్లు ఎవరికి వారు విడిగా రాసి ఉంచితే మరీ మంచిది. ఒకే రాత్రి ఎవరింటికి ముందు తాకింది, ఎవరింటికి తర్వాత తాకింది అన్నది చూస్తే దిక్కు తెలిసిపోతుంది. దగ్గరి స్టేషన్‌లో ఆ గంటల టోలుయిన్, బెంజీన్, కార్బన్ మోనాక్సైడ్ అంకెలు జతచేయండి. నమూనా రాత్రి అదే వేళకు తీయాలనీ, సాల్వెంట్లన్నిటికీ విడివిడిగా ఫలితం ఇవ్వాలనీ రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద ల్యాబ్ రిపోర్టు కాపీ అడగవచ్చు. అందులో ముందు చూడాల్సింది నమూనా తీసిన సమయం.